బిరడా

మా దగ్గర చెట్ల మీద తెల్లరంగుతో అంకె వేస్తారు.
ఏ ఏడు బెరడు ఒలిచారో ఆ ఏటి చివరి అంకె.
మళ్ళీ తొమ్మిదేళ్ళు నిండేదాకా
ఎవరూ గొడ్డలి ఆనించరు.
కంచె లేదు, కాపలా లేదు, అంకె చాలు.
కొరూష్‌లో బడికెళ్ళని ముసలాళ్ళకి కూడా తెలిసిన చట్టం.

నేను బిరడాల కార్ఖానాలో లెక్కలు రాస్తాను.
ఇరవై రెండేళ్ళయింది.
జిగురు డబ్బాలెన్ని, రంపం పళ్ళెన్ని,
గుమ్మం పక్క కుంటికుర్చీకి ఈ ఏడు తరుగుదల ఎంత,
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

దెయొలిందా బల్ల కూడా నా పుస్తకంలో ఉంది.
బల్ల మీద ఆమె చేసింది లేదు.

కీళ్ళవాతం చేతులు ఆమెవి.
నూనెసీసా మూత తియ్యలేక తిట్టుకుంటూ
ఒకరోజు బిరడా నడుముకి వంకరగాడి కోసింది.
బొటనవేలితో నొక్కి పావుచుట్టు తిప్పితే
చప్పుడుండదు, ఎవరో నిట్టూర్చినట్టు తెరుచుకుంటుంది.
మళ్ళీ పెడితే తలకిందులు చేసినా చుక్క కారదు.
అందుకు మూడు చలికాలాలు పట్టాయి,
నాలుగొందల పదకొండు బిరడాలు పాడయ్యాయి.
వాటిని నేను 'వ్యర్థం' అన్న గడిలో రాశాను.

మార్చిలో బెల్మీరు వాటిని మిలాన్ సంతకి తీసుకెళ్ళాడు.
అమ్మకాల మనిషి, బంగారంలాంటివాడు,
దాచుకోవడం మాత్రం తెలీదు.
అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచాడు.
బూడిదరంగు కోటాయన ఒకడు
గాడి ఎంత వాలుగా ఉందని అడిగితే
కాఫీ మరకల కాగితం మీద గీసి మరీ ఇచ్చాడు.
తిరిగొచ్చి ఎంత మురిశాడో!
మేమూ మురిశాం.

ఆకులు రాలే కాలానికి
సాంతారెం దుకాణంలో ఎవరిదో నూనెసీసా.
తిప్పాను.
అదే నిట్టూర్పు.
ధర మాదాంట్లో సగం.

లిస్బన్‌లో వకీలమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"ఎవరూ దొంగిలించలేదమ్మా, మీరే ఇచ్చేశారు.
దరఖాస్తు జూన్‌లో పెట్టారు, సంత మార్చిలో అయింది.
ఒకసారి నలుగురూ చూశాక
ఇక్కడి చట్టానికి అది కొత్తది కాదు.
సంతకి ముందురోజు వచ్చినా సరిపోయేది."
ఫీజు నూట ఎనభై యూరోలు.
ఆ అంకె ఏ గడిలో వెయ్యాలో నాకు బాగా తెలుసు.

బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు.
యజమాని అనక్లేతు అది వకీళ్ళ పని అనుకున్నాడు.
వకీలు పిలిస్తేగా వచ్చేది.
బెల్మీరు అది యజమాని పని అనుకున్నాడు.
సామాన్ల గదిలో కుర్రాడు తొమె
పెట్టె కడుతూ ఫోటో తీసి స్నేహితులకి పంపాడట,
వాడికెవరు చెప్పారు కనక?
నోరు జారింది బెల్మీరేనని ఊరంతా అన్నారు.
కానీ సంతలో పంచిన కరపత్రం మీద
గాడి బొమ్మ అరచెయ్యంత ఉంది.
దాని అచ్చు బిల్లు మూడొందల నలభై.
సంతకం నాది.
ఒక్క ప్రశ్న అడిగి ఉండొచ్చు నేను,
'దీన్ని ఎక్కడైనా నమోదు చేశామా?' అని.
కుర్చీ తరుగుదల గురించైతే ఎన్నిసార్లు అడిగానో.

దెయొలిందా ఏడవలేదు.
"ఊరందరి సీసాలకీ మూతలు పెట్టాం" అని,
మాట పూర్తి చెయ్యకుండా
పాడైన బిరడాల బస్తా ఎక్కడుందని అడిగింది.
వ్యర్థం కదా, చలిమంటలో వేసేశాం అన్నాను.
అప్పుడు మాత్రం నావైపు చాలాసేపు చూసింది.

ఇప్పుడు నా బల్ల సొరుగులో కుట్టుపుస్తకం ఒకటి ఉంది.
పేజీలు చించడానికి వీల్లేదు.
తప్పిన ప్రయత్నాలు కూడా తేదీతో రాస్తాం,
సాక్షిగా నేను సంతకం పెడతాను.
తొమె ఫోను తీసే ముందు
"ఇది చూపించొచ్చా?" అంటాడు.
బెల్మీరు సంతకి వెళ్ళే ముందు నా గది తలుపు కొడతాడు,
కాస్త సిగ్గుపడుతూ.

దెయొలిందా బల్ల మీద ఇవాళ
నీలిగుడ్డ కింద ఏదో ఉంది.
నేను చూశాను. బాగుంది.
ఏమిటని మీరడక్కండి.
గురువారం దరఖాస్తు పెడుతున్నాం.